నీరు, పట్టా, బడి: అమెరికా తెలుగువారి వెనక ఉన్న వలసపాలన పటం

అమెరికాలో ఇంట తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010–2017 మధ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటిందని ఆ దేశ జనగణన శాఖ ఏటా జరిపే సర్వే చెబుతోంది. అక్కడి పెద్ద భాషల్లో అంత వేగంగా పెరిగింది మరొకటి లేదు. భారత సంతతి కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం 2019లో 1,19,000 డాలర్లని ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్కగట్టింది. ఆ ఏడు మొత్తం అమెరికన్ కుటుంబాల మధ్యస్థాదాయం డెబ్బై వేల డాలర్ల లోపే. ఈ అంకెలు చూసినవారికి, దొరల పాలన మిగిల్చిన వెనుకబాటును తెలుగువారు రెండు తరాల్లో దాటేశారని అనిపించడం సహజం.

అదే తెలుగు నేల మీది అంకెలు మరో రకంగా ఉన్నాయి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 20–24 ఏళ్ళ యువతుల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. కేరళలో ఇది 6.3 శాతం.

ఈ రెండు జతల అంకెలూ ఒకే చరిత్ర నుంచి వచ్చాయని ఈ వ్యాసం వాదన. వలసపాలన తెలుగు దేశమంతటికీ ఒకే మోతాదు పేదరికాన్ని పంచిపోలేదు. అది ఒక వరుసను ఏర్పరచిపోయింది. నీరు ముందుగా ఎవరి పొలానికి పారింది, పట్టా ముందుగా ఎవరి పేర పుట్టింది, బడి ముందుగా ఏ ఊళ్ళో తెరిచారు అన్న వరుస అది. స్వతంత్ర భారతం ఆ వరుసను కొన్నిచోట్ల చెరిపింది, చాలాచోట్ల దానిమీదే కట్టుకుంటూ పోయింది. అమెరికా వీసా ఆ కట్టడంలో ఇటీవల లేచిన అంతస్తు.

అమెరికాలో పుట్టిన కొలతలు

మానవాభివృద్ధి అన్న కొలతకు పుట్టినిల్లు న్యూయార్క్. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తరఫున పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ తోడ్పాటుతో 1990లో తొలి నివేదిక వెలువరించారు. తలసరి ఆదాయం ఒక్కటే చాలదు, మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడు, ఎన్నేళ్ళు చదువుకుంటాడు అన్నవీ చూడాలని ఆ నివేదిక పట్టుబట్టింది. 2025 నివేదికలో భారతదేశం 193 దేశాల్లో 130వ స్థానంలో ఉంది. ఈ కొలతను రూపొందించిన ఇద్దరూ బ్రిటిష్ కాలపు భారత ఉపఖండంలో పుట్టినవారు. సేన్ తన తొమ్మిదో ఏట బెంగాల్ కరువును కళ్ళారా చూశారు. తిండి గింజలు ఉన్నా కొనే హక్కు లేక జనం చావవచ్చన్న ఆయన తర్వాతి సిద్ధాంతానికి ఆ చూపుతో సంబంధం ఉందని ఆయనే రాసుకున్నారు.

ఒకప్పటి వలస దేశాలు ఇంత తేడాగా ఎందుకు ఎదిగాయన్న ప్రశ్నకు ఇటీవల ఎక్కువగా వినిపిస్తున్న జవాబూ అమెరికాదే. డారన్ ఏస్‌మోగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్ 2001లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం సారం ఇది. యూరోపియన్లు జబ్బుల పాలుగాక నిలవగలిగిన చోట తమకోసం ఆస్తిహక్కులు, న్యాయస్థానాలు కట్టుకున్నారు. నిలవలేని చోట దోచుకుపోయే యంత్రాంగాన్ని మాత్రం పెట్టారు. ఆ సంస్థలు పాలకులు వెళ్ళాక కూడా బతికాయి, నేటి సంపదలో తేడా వాటి ఫలితం. ఈ దారిలో చేసిన కృషికే 2024లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వారు వాడిన మరణాల లెక్కలు నమ్మదగినవి కావని డేవిడ్ ఆల్బూయి 2012లో అదే పత్రికలో అభ్యంతరం చెప్పారు. ఆ వాగ్వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

నా అభ్యంతరం లెక్కల మీద కాదు, కొలిచే ప్రమాణం మీద. ఈ సిద్ధాంతం దేశాన్ని ఒక ముద్దగా తీసుకుంటుంది. దాని మేలైన ఉదాహరణ అమెరికా, అదీ ఒకప్పటి వలస దేశమే. మంచి సంస్థలు ఎవరికి మంచివి అని అక్కడ అడిగి చూడాలి. 2021లో అమెరికన్ ఆదివాసుల, అలాస్కా మూలవాసుల సగటు ఆయుర్దాయం 65.2 ఏళ్ళని అమెరికా ఆరోగ్య గణాంక కేంద్రం తాత్కాలిక లెక్కల్లో తేల్చింది. మొత్తం అమెరికా జనాభా ఆ స్థాయిని 1944లోనే చేరుకుంది. కోవిడ్ ఆ ఏడు దెబ్బ తీసిన మాట నిజం. కానీ ఆ దెబ్బ ముందునుంచీ వైద్యం అందని చోటే ఎక్కువగా తగిలింది. సేన్ తన 1999 గ్రంథంలో ఆఫ్రికన్ అమెరికన్ పురుషులు పెద్ద వయసు దాకా బతికే అవకాశం, ఆదాయంలో ఎంతో వెనుకబడ్డ కేరళ పురుషులకంటే తక్కువని చూపారు. ఆస్తిహక్కు స్థిరపడిన నేల మీదే ఆ హక్కు కోసం భూమి కోల్పోయినవారున్నారు, ఆ హక్కు కింద తామే ఆస్తిగా అమ్ముడైనవారూ ఉన్నారు. దేశం సగటు వీరిని దాచేస్తుంది. తెలుగు నేల విషయంలోనూ సగటు చేసేది ఆ పనే.

మూడు పాలనలు, ఒక భాష

ఒకే భాష మాట్లాడే జనం మూడు వేర్వేరు భూమి ఏర్పాట్ల కింద నూటయాభై ఏళ్ళు బతికిన చోటు ఇది. వలసపాలన పరిశోధకుడికి ఇంతకంటే మంచి క్షేత్రం అరుదు.

ఉత్తర కోస్తాలో 1802 శాశ్వత శిస్తు ఏర్పాటు జమీందారులను భూమికి యజమానుల్ని చేసింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, దక్షిణాన వెంకటగిరి ఆ పట్టికలోవి. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. తెలంగాణ ఆసఫ్‌జాహీ నిజాముల ఏలుబడిలో, జాగీరుదార్ల, దేశ్‌ముఖుల చేతికింద ఉండిపోయింది. బ్రిటిష్ రెసిడెంటు హైదరాబాదులో కూర్చునేవాడు, వెట్టి మాత్రం పల్లెల్లో సాగేది.

మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ కలిసి ఈ తేడాల మీద చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. బ్రిటిష్ ఏలుబడిలో భూస్వాముల చేతికి భూమి ఇచ్చిన జిల్లాలు, రైతుకే పట్టా ఇచ్చిన జిల్లాలకంటే స్వాతంత్ర్యం తర్వాత కూడా సాగు పెట్టుబడిలో, దిగుబడిలో, బడులు, ఆసుపత్రుల మీద ఖర్చులో వెనకబడి ఉన్నాయని వారు నిరూపించారు. 2010లో అయ్యర్ మరో అడుగు వేశారు. వారసుడు లేని సంస్థానాలను గవర్నర్ జనరల్ డల్‌హౌసీ కలిపేసుకున్న సందర్భాలను ఆధారం చేసుకుని, నేరుగా బ్రిటిష్ పాలించిన ప్రాంతాలకంటే సంస్థానాలుగా మిగిలినవాటిలో బడులు, ఆరోగ్య కేంద్రాలు, రోడ్లు మెరుగని తేల్చారు.

ఇప్పుడు 2011 జనగణన అక్షరాస్యత పట్టికను పక్కన పెట్టుకుందాం. జమీందారీ విజయనగరం దాదాపు 59 శాతం, శ్రీకాకుళం 62. బెనర్జీ, అయ్యర్‌ల మాట ఇక్కడ సరిపోయింది. రైత్వారీ నేల కర్నూలు 60, అనంతపురం 64, కడప 67. పట్టా ఉన్నా కర్నూలు విజయనగరాన్ని దాటింది ఒక్క శాతమే. సంస్థానపు నేల మహబూబ్‌నగర్ 55, ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగు. సంస్థానాలే మెరుగన్న సూత్రం ఇక్కడ నిలవదు. ఆ సగటును పైకి లాగినవి తిరువాన్కూరు, మైసూరు వంటివి. చదువు ఖర్చు ప్రభుత్వమే భరించాలని తిరువాన్కూరు రాణి 1817లోనే ఆజ్ఞ ఇచ్చింది. హైదరాబాదు రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం గొప్ప ప్రయోగమే, కానీ ఆ భాష ఉర్దూ. తెలుగు పల్లె పిల్లవాడికి ఆ మేడ మెట్లు అందలేదు.

పట్టికలో పైన ఉన్నవి హైదరాబాదు, దాని చుట్టూ ఉన్న రంగారెడ్డి, వాటి తర్వాత పశ్చిమ గోదావరి 75, కృష్ణా 74. రాజధాని సంగతి వేరు. ఈ డెల్టా జిల్లాలు ఎందుకు పైన ఉన్నాయో శిస్తు ఏర్పాటు ఒక్కటే చెప్పలేదు. 1832–33 నందన కరువులో గుంటూరు సీమలో మూడోవంతుకు తక్కువ కాకుండా జనం పోయారు. రాజమండ్రి జిల్లాలో 1821లో ఏడు లక్షలకు పైబడిన జనాభా 1841కి అయిదున్నర లక్షల దరికి దిగింది. ఆ పాడుబడ్డ సీమలో ఇంజినీరు ఆర్థర్ కాటన్ 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. 1855కు బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణ ఆనకట్టా పూర్తయింది. అదే కాలంలో కరువుకు, బకాయిలకు కూలిన జమీందారీలు చాలా వరకు సర్కారు చేతికి వచ్చి రైత్వారీలోకి మారాయి. డెల్టా రైతుకు పట్టా, నీరు ఇంచుమించు ఒకే తరంలో చేతికందాయి. రాయలసీమకు పట్టా దొరికింది, నీరు దొరకలేదు. 1870 నాటికి సిద్ధమైన కర్నూలు–కడప కాలువ తప్ప ఆ మెట్టనేలకు చెప్పుకోదగ్గ కాలువ లేదు. శిస్తు మాత్రం వానతో పని లేకుండా పడింది. 1876–78 ధాత కరువు ఆ సీమను ఊడ్చేసింది. విజయనగరానికి ఏదీ దొరకలేదు. జమీందారీ రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

అందుకే సంస్థలా, భౌగోళికమా అన్న పాత తగాదా ఇక్కడ కాలు నిలదొక్కుకోలేదు. ఆనకట్ట ప్రకృతి ప్రసాదం కాదు, ఖజానా లాభం చూసి పాలకుడు పెట్టిన పెట్టుబడి. గోదావరికి పెట్టాడు, పెన్నకు ఆ మేరకు పెట్టలేదు.

కృష్ణానది ఈ పరీక్షను మరింత స్పష్టం చేస్తుంది. ఒక ఒడ్డు నల్లగొండ, నిజాము ఏలుబడి. ఎదురొడ్డు గుంటూరు, మద్రాసు ప్రెసిడెన్సీ. వాన ఒకటే, మాట ఒకటే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రెండు ఒడ్లకూ కాలువలు తీసింది. 2011లో నల్లగొండ అక్షరాస్యత 64, గుంటూరు 67. నూటయాభై ఏళ్ళ వేరు పాలనల తర్వాత మిగిలిన తేడా మూడు శాతమే. ఆ ఎడాన్ని తగ్గించినవాటిలో 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం, 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం ముందువరుసలో ఉన్నాయని నా అంచనా. ఆ పోరాటపు తాకిడి అంతగా తగలని మహబూబ్‌నగర్ అట్టడుగునే ఉండిపోయింది.

గుంటూరుకు వచ్చిన అమెరికా

తెలుగువారు అమెరికా వెళ్ళడానికి ఒక శతాబ్దం ముందే అమెరికా తెలుగుదేశానికి వచ్చింది. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు, బడి తెరవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. 1883లో వైద్యురాలు అనా కుగ్లర్ వచ్చారు. మగ వైద్యుడి ముందుకు రాని స్త్రీల కోసం ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరిచారు. నెల్లూరులో, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. ధాత కరువులో వారిలో ఒకరైన జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగలకు పని ఇచ్చాడు. కరువు తగ్గాక, 1878 జూలైలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీన్ని మతమార్పిడి కథగానే చెప్పుకోవడం మనకు అలవాటు. మానవాభివృద్ధి వైపు నుంచి చూస్తే ఇది వరుసలో అందరికంటే వెనక నిలబెట్టినవారికి బడి ముందుగా అందిన అరుదైన సందర్భం. సర్కారు బడుల్లో అంటరాని పిల్లలకు చోటు దొరకని కాలమది. టోమిలా లంకినా, లులిట్ గెటచ్యూ 2013లో ప్రచురించిన అధ్యయనం, భారతదేశంలో ప్రొటెస్టెంట్ మిషన్లు పనిచేసిన జిల్లాల్లో స్త్రీల చదువు మీద దాని ప్రభావం స్వాతంత్ర్యం తర్వాతా కనిపిస్తోందని చెబుతోంది.

అయినా ఒంగోలు కేంద్రంగా ఉన్న ప్రకాశం జిల్లా అక్షరాస్యత 2011లో 63 శాతమే. బడి వచ్చింది గానీ చదువుకున్న మాదిగ బిడ్డకు పొలం రాలేదు, పొలానికి నీరు రాలేదు. ఒంటరి బడి టీచరును, నర్సును తయారుచేయగలదు. జిల్లాను లేపడానికి అది చాలదు.

కాలువ గట్టు నుంచి వీసా దాకా

డెల్టా మాగాణి మిగులు ఎటు పోయిందో పరిశోధకురాలు కారల్ ఉపాధ్య 1980ల నుంచి గమనిస్తూ వచ్చారు. బియ్యం మిల్లులు, పొగాకు, రవాణా, సినిమా, ఆ తర్వాత కళాశాలలు. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైంది. అదే ఏడు అమెరికాలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి సమావేశం జరిగింది. ఈ రెండూ ఒకే ఏట జరగడం కాకతాళీయమే కావచ్చు. కానీ రెండింటి వెనకా ఉన్న జనం చాలావరకు ఒకరే.

అమెరికాలో జాతుల వారీ కోటాలను తీసేసిన 1965 చట్టం తర్వాత వెళ్ళిన తొలి తరంలో డాక్టర్లు ఎక్కువ. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల, గుంటూరు వైద్య కళాశాల, ఉస్మానియా వైద్య కళాశాల ప్రజల పన్నులతో నడిచినవి. 1990 చట్టం హెచ్–1బి వీసా తెచ్చింది, ఏటా 65,000. ఆ పరిమితి 2001–2003లో 1,95,000కు పెరిగింది. 2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల భయం హైదరాబాదు అమీర్‌పేటలో గల్లీకో శిక్షణ కేంద్రాన్ని తెరిపించింది. తెలుగు యువకులను ఏజెంట్లు దేశదేశాలకు కుదిర్చిన తీరు మీద షియాంగ్ బియావో పరిశోధన 2007లో ప్రిన్స్‌టన్ నుంచి పుస్తకంగా వచ్చింది. ఆ చదువుకు, ప్రయాణానికి పెట్టుబడి పొలం నుంచి, కట్నం నుంచి వచ్చిందని ఆయన చూపారు. అంటే అమెరికాలోని ఇంజినీరు జీతం వెనక ఒక స్త్రీ పుట్టింటి ఎకరాలున్నాయి. ఈ విషయం మీద జరగవలసినంత చర్చ మన దగ్గర జరగలేదని నాకు బాధ.

సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ అమెరికాలోని భారతీయుల మీద రాసిన పుస్తకంలో ఒక మాట అన్నారు. ఈ జనం మూడుసార్లు వడపోతకు గురైనవారు. సామాజిక అంతస్తు ఒకసారి, పోటీ పరీక్ష ఒకసారి, అమెరికా వీసా నియమాలు మరోసారి. తెలుగు విషయంలో వీటికి ముందు నాలుగోది ఉందని నా ప్రతిపాదన. అది ఆయకట్టు. కాలువ నీరు 1850లలోనే చేరిన ఊళ్ళు మిగతా మూడు జల్లెళ్ళ దగ్గరికి రెండు తరాలు ముందు చేరాయి. లక్షా పందొమ్మిది వేల డాలర్ల ఆదాయాన్ని తెలుగు జాతి ప్రతిభకు కొలమానంగా చెప్పినప్పుడల్లా, ఆ జల్లెడలో కింద మిగిలినవారికి ప్రతిభ లేదని చెప్పినట్టవుతుంది. అది అబద్ధం.

వరుస కదిలిన చోట్లు

వరుస విధిరాత కాదు. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. కరెంటు, పుస్తకం, రెండు పూటల అన్నం లేని ఇంటి పిల్లవాణ్ణి ఆ ఇంటి కొరతల నుంచి తప్పించి చదివించడం దాని పద్ధతి. తర్వాత దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లల కోసం పుట్టిన గురుకులాలకు అది మూలం. 2007–08 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎస్సీ, బీసీ ఇళ్ళ నుంచి మొదటిసారిగా పెద్ద సంఖ్యలో ఇంజినీర్లను తెచ్చింది. కళాశాలల నాణ్యత పడిపోయిందన్న ఫిర్యాదు నిజమే. ఆ ఫిర్యాదు, వరుసలో వెనకవారు లోపలికి వచ్చాకే గట్టిగా వినిపించిందన్నదీ నిజమే.

నెల్లూరు జిల్లా దూబగుంటది ఇంకో దారి. 1991–92లో అక్షరాస్యత తరగతుల్లో వాచకం చదువుకున్న ఆడవాళ్ళు, పాఠంలోని కథ తమ ఇంటిదేనని గుర్తుపట్టి సారా కొట్టు మూయించారు. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. అక్షరాలు నేర్చుకోవడానికీ, ఖజానాకు పెద్ద రాబడి తెచ్చే వ్యాపారాన్ని ఆపించడానికీ మధ్య పట్టిన కాలం రెండేళ్ళు. బెనర్జీ, అయ్యర్ కూడా జమీందారీ జిల్లాల వెనుకబాటుకు ఒక కారణంగా ఇలాంటి కలయిక లోటునే చూపారు: పాత వర్గవైరం ఉన్నచోట జనం కలిసి బడిని, ఆసుపత్రిని డిమాండ్ చేసే శక్తి తగ్గుతుంది. దూబగుంట ఆ శక్తి ఎలా పుడుతుందో చూపింది.

ప్రవాసుల డబ్బు ఆ పని చేయగలదా? గుంటూరు వైద్య కళాశాల పూర్వవిద్యార్థులు ఉత్తర అమెరికా నుంచి విరాళాలు పోగుచేసి గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనాలు కట్టించారు. ప్రభుత్వ కళాశాల తమకిచ్చినదాన్ని ప్రభుత్వాసుపత్రికే తిరిగి ఇవ్వడం, ప్రైవేటు ఆసుపత్రి పెట్టుకోవడంకంటే ఎంతో పైమెట్టు. కానీ సనం రూహి గుంటూరు ప్రాంతంలో చేసిన పరిశోధన చూపినట్టు, దానం దాత ఊరిని, కులాన్ని వెతుక్కుంటూ వస్తుంది. అది పాత ఆయకట్టులోనే మళ్ళీ పారుతుంది. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వారికి అమెరికాలో పూర్వవిద్యార్థుల సంఘం లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కూడా అలాంటిదే. పాత జమీందారీ సీమ, కొబ్బరి, జీడితోటల నేల. కారణం ఇంకా తేలని మూత్రపిండాల జబ్బు అక్కడ రెండు దశాబ్దాలకు పైగా ఇంటింటా ప్రాణాలు తీసింది. వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి ఆ ఊళ్ళకు శుద్ధిచేసిన తాగునీరు తెచ్చే పథకాన్నీ, పలాసలో రెండువందల పడకల మూత్రపిండాల ఆసుపత్రినీ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రారంభించింది. రెండూ ప్రజల సొమ్ముతో కట్టినవే. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి 171 ఏళ్ళు.